పంజరపు పిట్టకు పచ్చనాకు

హనుమకొండనుండి కరీంనగరు పోవు బాటలో హసన్‌పర్తి పరిసరములందు వరి పాలుపోసుకొను దినములలో చెరువుగట్టు వెంట నడచువారికి, జమ్ము పొదలలోనుండియు తుంగ దుబ్బులలోనుండియు చిన్నపిట్టల గుంపు ఒకటి చివాలున లేచి, సన్నని కూతలు కూయుచు కొద్దిదూరములో మరల వాలుట కనుపించుచుండును. ముక్కు కొననుండి తోక చివరివరకు కొలిచినను అవి పది సెంటీమీటర్లకు మించవు. వానకారులో వీనిలో మగవానికి ఒళ్లంతయు ఎరుపెక్కి, ఆ ఎరుపుపై తెల్లని చుక్కలు చిలుకరించినట్లుండును. ఇది ఎర్ర జినువాయి. దీనితోపాటు రొమ్ముపై పొలుసులవంటి గీతలు గల చుక్కల జినువాయియు, మెట్ట పొలములలో తెల్లని గొంతు గల మరియొక జాతియు ఉన్నవి. ఉర్దూ, హిందీ భాషలలో వీనినే మునియాలందురు. గడ్డిగింజలే వీని ముఖ్యాహారము. ఊద, గరిక, కొఱ్ఱ, వరి ఏదైనను గింజ చిన్నదై ముక్కున పట్టినచో చాలును.

మన జనులు ఈ పిట్టలకు పెట్టిన పేరును గ్రంథస్థము చేసినవాడు జెర్డన్ అను వైద్యుడు. ఇతడు మద్రాసు సైన్యమున సర్జనుగా ఉండి, కొంతకాలము నెల్లూరులో పనిచేసెను. అక్కడి యానాదులవద్ద జంతువుల పేర్లను, అలవాట్లను అడిగి తెలిసికొని వ్రాసికొనెడివాడు. 1862-64 సంవత్సరముల మధ్య వెలువడిన అతని 'భారతదేశపు పక్షులు' అను గ్రంథములో లాటిను పేరు ప్రక్కనే తెలుగు పేరును ఇచ్చెను. జినువాయి, నల్ల జినువాయి అను పేర్లు ఆ విధముగా శాస్త్రగ్రంథములకెక్కినవి. తరువాత 1931-32లో సలీం అలీ నిజాం ప్రభుత్వము తరఫున హైదరాబాదు రాజ్యమంతటను పక్షుల పరిశీలన జరిపెను. ఒక పేరును దానిని పలికెడివారి నోటనుండి విని వ్రాసికొనుట చిన్న పని కాదు. ఆ నాటి అనేకులు ఆ శ్రమ పడలేదు.

జినువాయిలు గింజలు తినునవే గాని, యూరపులో ఫించ్ అను పేరుతో పిలువబడు కెనేరీ మొదలగు పక్షుల కుటుంబమునకు చెందినవి కావు. ముక్కు ఆకారమును చూచి పూర్వులు రెంటిని ఒకే కొట్టములో కట్టివేసిరి. 1758లో లిన్నేయసు మన ఎర్ర జినువాయికి 'ఫ్రింజిల్లా అమందవా' అని పేరు పెట్టెను. ఫ్రింజిల్లా అనగా ఫించ్. అమందవా అనునది మన అహమ్మదాబాదు పేరునకు వికృతి. ఆ నగరమునుండి ఈ పిట్టలు పంజరములలో సూరతు చేరి, అచ్చటనుండి ఓడలెక్కి సీమలకు పోయెడివి. పదునేడవ శతాబ్దపు చివరి భాగమున మనదేశమును చూచిన ఫ్రయరు అను ఆంగ్ల వైద్యుడు, ఒకే పంజరములో ఏబది పిట్టలను పెట్టగా, ఒకటి ఎత్తుకొనగానే తక్కినవన్నియు దానితో కలిసి పాడుటను విని ఆశ్చర్యపడెను. అతని పుస్తకము 1698లో అచ్చయినది. అంతకు నూట డెబ్బది ఏండ్లకు పైబడిన తరువాతగూడ బెంగాలులో ఈ పిట్టలను పందెమునకు పెట్టెడివారని డార్విను 1871లో ప్రకటించిన 'మానవుని అవతరణము' అను గ్రంథములో చెప్పెను. మూడు పంజరములను వరుసగా ఉంచి, నడిమి దానిలో ఆడుపిట్టను పెట్టి, కొంతసేపటికి ఇరువైపుల మగపిట్టలను వదలగా అవి ఒకదానిపై నొకటి విరుచుకుపడెడివట.

ఇంత చిన్న పక్షి పంజరములో ఏమి తిని బ్రతికెను? దీనికి జవాబు వెదకబోయినచో, ఆహారశాస్త్రపు చరిత్రలో సగము భాగము మన కన్నులముందు నిలుచును.

గింజ ఒక్కటే చాలునా?

పంజరపు పక్షులకు గింజలు పెట్టుట అందరికిని తోచు విషయమే. గింజ నిలువ ఉండును, చెడదు, సంచిలో పోసి ఓడలో తీసికొనిపోవచ్చును. పచ్చనాకు అట్లు కాదు. అది పూటకు వాడిపోవును. అయినను పక్షులను పెంచినవారు చాల కాలము క్రిందటనే ఆకు ఇచ్చుట నేర్చుకొన్నారు. కెనేరీ దీవులను స్పెయిను దేశస్థులు పదునైదవ శతాబ్దములో జయించిన పిమ్మట అచ్చటి పిట్టలు యూరపునకు వచ్చినవి. 1709లో ఫ్రాన్సు దేశమున ఎర్వియో అను నతడు కెనేరీల పెంపకమునుగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. జర్మనీలో బెక్‌స్టయిను 1795లో ఇండ్లలో పెంచు పక్షులనన్నిటినిగూర్చి వ్రాసిన పుస్తకము ఆ కాలమున మిక్కిలి ప్రసిద్ధమైనది. గింజలతోపాటు లేత ఆకుకూరలను పక్షులకు అందింపవలెనని అతని బోధ. కారణము మాత్రము ఎవ్వరికిని తెలియదు. ఆకు తినిన పిట్ట చురుకుగా ఉండును, తినని పిట్ట ఈకలు ఉబ్బించుకొని మూలకు చేరును. అనుభవము చెప్పినది ఇంతే.

లండను నగరములో ఈ ఆకులే కొందరికి బ్రతుకు తెరువైనవి. హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత అక్కడి పేదల జీవనమును పరిశీలించి 1851లో ప్రకటించిన గ్రంథమున, చిక్‌వీడ్, గ్రౌండ్‌సెల్ అను రెండు కలుపు మొక్కలను ఏరి తెచ్చి వీధులలో అమ్ముకొనువారిని వర్ణించెను. వారిలో పెక్కుమంది వృద్ధులు, వికలాంగులు, వేరు పని చేయజాలనివారు. తెల్లవారుజామున ఊరి వెలుపలి పొలములకు నడచిపోయి, ఎవరికిని అక్కరలేని కలుపును గంపలకెత్తుకొని, ఇరుకు వీధులలో కేకలు వేయుచు తిరిగెడివారు. కొనువారుకూడ ధనికులు కారు. కిటికీలో ఒక పంజరము వ్రేలాడదీసికొనిన చేతిపనివారే. భరత పక్షులకు ఆకుమాత్రము చాలదని, పచ్చిక బిళ్లలను మట్టితో సహా కోసి అమ్మెడివారును వేరుగా ఉండిరి. పొలము చూడని ఒక పిట్ట కొరకు పొలములో ఒక ముక్కను పట్టణమునకు మోసికొనివచ్చుట ఆలోచింపదగిన విషయము.

తూర్పున జపానుదేశములో మరియొక కథ జరిగినది. మన పడమటి కనుమలలోను, తూర్పు హిమాలయములనుండి చైనా వరకును నివసించు తెల్ల నడుము జినువాయిని పదునెనిమిదవ శతాబ్దపు నడిమి భాగమున చైనానుండి జపానువారు తెప్పించుకొని, తరతరములుగా ఇండ్లలో పెంచిరి. రెండు వందల ఏబది ఏండ్లలో అది అడవి అలవాట్లను మరచి, తెలుపు, గోధుమ మచ్చలు గల పెంపుడు జాతిగా మారినది. ఇతర ఫించ్‌ల పిల్లలను కూడ సాకునంతటి సాధుస్వభావము దానిది. దీనిని యూరపువారు 'బెంగాలీ ఫించ్' అనుట పొరపాటు. బెంగాలునకు దీనికి సంబంధము లేదు. జపానులో దీనికి కోడిగ్రుడ్డు సొన పట్టించి ఎండబెట్టిన కొఱ్ఱలను, దానితోపాటు ఆవజాతి ఆకుకూరలను పెట్టుట పరిపాటి. లండనులో కలుపు, జపానులో కూర. ఒకరినొకరు ఎరుగని ఇరువురు పెంపకందార్లు ఒకే నిర్ణయమునకు వచ్చినారు.

కోళ్లగూటిలో పుట్టిన శాస్త్రము

కారణము తెలియుటకు కోళ్లు, పావురములు అవసరమైనవి. జావాదీవిలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నమును తినిన కోళ్లకు కాళ్లు పడిపోవుటను చూచెను. తవుడు తీయని బియ్యము పెట్టగనే అవి లేచి నడచినవి. 1897లో అతడు ఈ సంగతిని విపులముగా ప్రకటించెను. గింజపై పొరలో ఏదియో కలదు, అది లేనిచో ప్రాణి బ్రతుకదు. 1912లో ఫంక్ ఇట్టి పదార్థములకు విటమిను అను పేరు పెట్టెను. మనదేశములో మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ఈ పరిశోధన ప్రారంభించి, పావురములకు మరపట్టిన బియ్యము పెట్టి చూచెను. ఆ కూనూరు సంస్థయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. బెరిబెరి రోగము కొరకు ఆరంభమైన పనిలో పక్షులు తొలి సాక్షులైనవని మరువరాదు.

ఇది గింజ సంగతి. ఆకు సంగతి మరికొంత ఆలస్యముగా బయటపడినది. 1919లో అమెరికాలో స్టీన్‌బాక్ అను శాస్త్రజ్ఞుడు పసుపు మొక్కజొన్న తినిన జంతువులు పెరుగుటయు, తెల్ల మొక్కజొన్న తినినవి కృశించుటయు గమనించి, 'ఏ' విటమినునకు పసుపు రంగునకు బంధుత్వ మున్నదని తలచెను. 1930లో కేంబ్రిడ్జిలో మూర్ అను నతడు కెరొటీను అను పసుపు పదార్థము జంతువు శరీరములో 'ఏ' విటమినుగా మారునని ఎలుకలపై నిరూపించెను. ఆకుపచ్చని ఆకులో కూడ ఈ పసుపు దాగియున్నది. ఆకు పండినపుడు పచ్చదనము పోయి పసుపులు బయటపడుట అందరు చూచినదే. 'ఏ' విటమిను కొరవడిన పక్షికి నోటిలోను గొంతులోను తెల్లని పొక్కులు లేచును, కన్నులు పుసికట్టును, ఊపిరి తీయుట కష్టమగును. కేవలము గింజలపై బ్రతుకు పంజరపు పక్షులలో ఇది నేటికిని పశువైద్యులు చూచుచున్న వ్యాధియే.

డెన్మార్కులో హెన్రిక్ డామ్ 1929లో క్రొవ్వు తీసివేసిన మేత తినిన కోడిపిల్లలకు చర్మము క్రింద రక్తము కారుటను చూచెను. అప్పటికి తెలిసిన విటమినులలో ఏదియు దానిని మాన్పలేదు. 1935లో అతడు దీనికి కారణమైన క్రొత్త విటమినునకు 'కె' అని పేరిడెను. అదే కాలమున కాలిఫోర్నియాలో ఆల్మ్‌క్విస్ట్, స్టోక్‌స్టాడ్ అనువారు లూసర్ను గడ్డి పెట్టగనే ఆ రక్తస్రావము నిలుచునని చూపిరి. 1939లో డాయిసీ ఆ లూసర్నులోనుండియే విటమినును వేరుచేసెను. డామ్, డాయిసీలకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. పచ్చగడ్డిలో ఉన్న ఆ 'ఏదియో' ఒకటి కాదు, రెండని ఇప్పుడు తేలినది.

మూడవదానితో తెలుగువారికి నేరుగా సంబంధము కలదు. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి నేతమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు ఒకవిధమైన రక్తహీనత ఈస్టుసారముతో తగ్గుటను కనుగొనెను. 1940లో హోగన్, పారట్ అనువారు కోడిపిల్లలలో రక్తహీనతను ఆపు ఒక పదార్థమును కాలేయములో గుర్తించిరి. మరుసటి ఏడు టెక్సాసులో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనువారు నాలుగు టన్నుల పాలకూరను మరిగించి, ఒక ఆమ్లమును వేరుచేసిరి. లాటినులో ఆకును ఫోలియమ్ అందురు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. ఈ మూడు దారులును ఒకేచోటికి పోవునవే. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, దాని నిర్మాణమును నిర్ణయించి, 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. లూసర్ను గడ్డితో కోడిపిల్లల రక్తమును ఆపిన స్టోక్‌స్టాడ్ కూడ ఆ బృందములోని వాడే. గర్భిణులకు ఇచ్చు మాత్ర కూడ, పంజరములో వ్రేలాడు పాలకూర కాడ కూడ ఒకే కథలోనివి.

ఇక 'సి' విటమిను. దీనిని చాల జంతువులు తమంతట తామే తయారుచేసికొనును. మానవుడు, కోతి, గినీపంది మొదలగు కొన్నింటికి ఆ శక్తి లేదు. కలకత్తాలో రాయ్, గుహ అను శాస్త్రజ్ఞులు 1958లో పక్షులను పరీక్షించి, పక్షులన్నియు ఒకే తీరున లేవని కనుగొనిరి. కొన్ని మూత్రపిండములలో తయారుచేసికొనును, కొన్ని కాలేయములో. మన పెరటిలో తిరుగు పిగిలిపిట్టకు ఆ శక్తియే లేదు. అది పండ్లు తిను పక్షి గనుక లోటు తెలియదు. ఈ పని 1969లో చౌధురీ, చటర్జీల చేతులలో మరింత విస్తరించినది. పక్షుల వంశవృక్షమును రసాయనశాస్త్రముతో చదువుట మన శాస్త్రజ్ఞులు చేసిన మంచి పనులలో ఒకటి. పాఠ్యపుస్తకములలో దీనికి తగినంత చోటు దొరకలేదు.

ఎరుపు ఎక్కడిది?

పంజరములో పెట్టిన ఎర్ర జినువాయి కొంతకాలమునకు ఎరుపును కోల్పోవుట, కొన్నిచో నల్లబడుట పెంపకందార్లు ఏనాడో గమనించిరి. ఈకకు రంగునిచ్చు పదార్థములలో నలుపును పక్షి తానే తయారుచేసికొనును. పసుపు, ఎరుపు మాత్రము చాలవరకు మేతనుండి రావలెను. 1870వ దశకమున ఇంగ్లండులో కొందరు కెనేరీలకు ఈకలు రాలి క్రొత్తవి వచ్చు కాలమున మిరపపొడి కలిపిన మేత పెట్టి, పసుపు పిట్టలను నారింజ రంగునకు తెచ్చిరి. పోటీలలో బహుమతులు వారికి పోవుచుండగా పెద్ద రగడ జరిగినది. ఇది రంగు పూయుటయా, పెంచుటయా అని తగవు.

1920వ దశకమున జర్మనీలో బ్రెమెన్ నగరమున ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడైన హాన్స్ డుంకర్, కార్ల్ రైక్ అను పక్షుల పెంపకందారుతో కలిసి, ఎర్రని కెనేరీని పుట్టింపదలచెను. దక్షిణ అమెరికానుండి ఎర్ర సిస్కిన్ అను పిట్టను తెచ్చి కెనేరీతో జతపరచిరి. మెండెలు నియమముల ప్రకారము ఎరుపును ఇచ్చు జన్యువు కెనేరీకి సంక్రమించినచో పని పూర్తియైనట్లే అని డుంకర్ లెక్క వేసెను. అయినను ఎన్ని తరములు గడచినను పిట్టలు నారింజ రంగు దాటలేదు. లెక్కలో పొరపాటు లేదు. జన్యువు వచ్చినది గాని, ఆ జన్యువు మలచవలసిన ముడిపదార్థము గింజలలో చాలినంత లేదు. మేతలో కెరొటినాయిడ్‌లు కలిపిన తరువాతనే నిజమైన ఎర్ర కెనేరీ కనుపించినది. వంశలక్షణము, ఆహారము అని రెండు విడివిడి గదులుగా పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

ఆ జన్యువు ఏదియో 2016లో తెలిసినది. ఎర్ర కెనేరీలపై ఒక బృందమును, జీబ్రా ఫించ్‌లపై వేరొక బృందమును పనిచేసి ఇరువురును ఒకే జన్యువును పట్టుకొనిరి. దానిని సి.వై.పి.2జె19 అందురు. అది తయారుచేయు ఎంజైము, ఆకులు గింజలనుండి వచ్చిన పసుపు కెరొటినాయిడ్‌లను ఎరుపు కెరొటినాయిడ్‌లుగా మార్చును. జీబ్రా ఫించ్ ముక్కు ఎరుపు ఇందువలన వచ్చినదే. 2003లోనే రెండు బృందములు ఈ పిట్టల మేతలో కెరొటినాయిడ్‌లను పెంచి చూడగా, మగపిట్టల ముక్కు మరింత ఎర్రబడుటయే గాక రోగనిరోధక శక్తియు హెచ్చినది. ఆడుపిట్ట ఎర్రముక్కును మెచ్చుకొనుటలో కేవలము సౌందర్యదృష్టియే లేదన్నమాట.

నేడు తెలంగాణ పట్టణములలో పెంపుడు పక్షుల దుకాణమునకు పోయి ఫించ్ కావలెననినచో ఇచ్చునది ఈ జీబ్రా ఫించ్‌నే. ఇది ఆస్ట్రేలియా పక్షి. ఆ దేశము 1960లో తన ఫించ్‌ల ఎగుమతిని ఆపివేసినది. నాటినుండి తక్కిన ప్రపంచములో పెంచబడుచున్నవి చాలవరకు పంజరములలో పుట్టి పెరిగిన వంశములే. మన జినువాయిల సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1990-91లో వచ్చిన సంపూర్ణ నిషేధమును అనుసరించి, మనదేశపు అడవి పక్షులను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరము. అయినను మునియాలను వలలు వేసి పట్టి చాటుమాటుగా అమ్ముట పూర్తిగా ఆగలేదు. కొందరు వానికి ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూసి వింతపక్షులని బిడ్డలకు అంటగట్టుచుందురు. రంగు పూసిన పిట్ట ఈకలను దువ్వుకొనుచు ఆ రంగును మ్రింగి చచ్చును. ఆకు పెట్టుటనుగూర్చి చెప్పునదంతయు చట్టము అనుమతించిన పెంపుడు పక్షులకే వర్తించును.

ఎంత పెట్టవలెను?

హైదరాబాదు సంస్థ ప్రకటించిన ఆహారపట్టికలను చేతబట్టి ఒక చిన్న లెక్క వేయవచ్చును. జీబ్రా ఫించ్ బరువు సుమారు 12 గ్రాములు. రోజుకు మూడు నాలుగు గ్రాముల గింజ తినును. 100 గ్రాముల కొఱ్ఱలలో కెరొటీను సుమారు 32 మైక్రోగ్రాములు గనుక, దినమంతయు కొఱ్ఱలే తినిన పిట్టకు ముట్టునది ఒక మైక్రోగ్రాము మాత్రమే. అదే 100 గ్రాముల మునగాకులో 6,780, తోటకూరలో 5,520, కొత్తిమీరలో 6,918 మైక్రోగ్రాములు కలవు. ఆ పిట్ట అర గ్రాము మునగాకు కొరికినచో చాలును, కొఱ్ఱలన్నింటివలన వచ్చినదానికి ముప్పదిరెట్లు లభించును. కెరొటీను విషయమున ఆకునకు సాటి లేదు.

సున్నమునకు ఇదే లెక్క వేయుడు. ఆకుకూర పెట్టుచున్నాము గనుక సున్నము దానిలోనే వచ్చునని చాలమంది భావింతురు. 100 గ్రాముల తోటకూరలో సున్నము 397 మిల్లీగ్రాములు ఉన్నమాట నిజమే. కొఱ్ఱలో 31 మాత్రమే. కాని అర గ్రాము తోటకూరలో వచ్చునది రెండు మిల్లీగ్రాములు. ఆడుపిట్ట రోజుకొక గ్రుడ్డు చొప్పున నాలుగైదు పెట్టును. ఒక్కొక్క గ్రుడ్డు బరువు ఒక గ్రాము. దాని పెంకునకు కావలసిన సున్నమే సుమారు 20 మిల్లీగ్రాములు. ఈ లోటును ఆకు తీర్చలేదు. పైగా తోటకూర, పాలకూరలలోని ఆక్సాలిక్ ఆమ్లము సున్నమును బంధించి, దానిలో కొంత భాగమును ఒంటికి పట్టనీయదు. కొఱ్ఱలో సున్నము 31 మిల్లీగ్రాములుండగా భాస్వరము 290 ఉండుట మరొక ఇబ్బంది. సున్నము చాలక గ్రుడ్డు కడుపులోనే చిక్కుకొని ఆడుపిట్ట ఒక్క రాత్రిలో చనిపోవుట కలదు. పంజరమున సముద్రపు నురుగు, అనగా ఒకవిధమైన సముద్రజీవి లోపలి తెల్లని ఎముక, ఎల్లప్పుడు వ్రేలాడవలసినది ఇందుకే. కోడిగ్రుడ్డు పెంకును ఉడికించి ఎండబెట్టి నలిపి ఇచ్చినను పని జరుగును.

అందువలన పాలకూర ఒక్కటే దినదినము పెట్టుట మంచిది కాదు. మెంతికూర, కొత్తిమీర, మునగాకు, ముల్లంగి ఆకు మార్చి మార్చి పెట్టుట మేలు. పొలము గట్లపై ఉచితముగా దొరకు చెంచలికూర లేతకొనలు, గరిక చిగుళ్లు పిట్టలకు ఇష్టమే. క్యారెట్టును సన్నగా తురిమి, దోసకాయను చీలికగా కోసి ఇవ్వవచ్చును. కాని దోసకాయలో నీరే ఎక్కువ. అవకాడో పండు మాత్రము పక్షులకు విషము. ఉల్లి, వెల్లుల్లి జోలికి పోరాదు. పత్తి, మిరప చేల సమీపమున కోసిన ఆకు విషయమున భయపడవలసినది పురుగుమందు. పండ్రెండు గ్రాముల శరీరమునకు ఎంత మందు చాలును! ఆకును ఉప్పునీటిలో నానబెట్టి, పిదప మంచినీటిలో రెండుసార్లు కడిగి, తడి ఆరిన తరువాత పంజరపు ఊచలకు కట్టవలెను. నేలపై వేసినచో రెట్ట అంటుకొనును. వేసవిలో రెండు గంటలు దాటిన ఆకును తీసివేయవలెను.

క్రొత్తగా కొనితెచ్చిన పిట్ట ఆకును ముట్టదని కొందరు నిరాశపడుదురు. గింజ తప్ప వేరెరుగని పక్షికి ఆకు ఆహారమని తెలియదు. పెంపుడు జంటలో ఒకటి కొరికినచో రెండవది నేర్చుకొనును. ఆకు తినిన పిట్ట రెట్ట కొంత నీరుగా ఉండుట సహజము. దానిని చూచి ఆకు మానిపింపరాదు. పిట్ట ఉబ్బి కూర్చుండినను, మేత మానినను వ్యాధియని ఎంచవలెను.

అడవిలో ఈ పక్షులు ముదురు గింజకంటె పాలగింజనే ఎక్కువ కోరును. పిల్లలకు అవి అందించునది ఈ మెత్తని గింజనే. ఆస్ట్రేలియాలో జీబ్రా ఫించ్‌లు వానల తరువాత గడ్డి కంకులు పచ్చిగా ఉన్న కాలమున పిల్లలను పెంచుటకును, మన ఎర్ర జినువాయి వానకారు చివర గూడు కట్టుటకును ఇది ఒక ముఖ్య కారణము. ఎండు కొఱ్ఱలను పచ్చిగింజగా మార్చలేము గాని మొలకెత్తింపవచ్చును. మొలకలో కొన్ని విటమినులు హెచ్చును, గింజ మెత్తబడును.

పాఠశాలలో దీనిని విద్యార్థులు సులభముగా చేయవచ్చును. వెడల్పాటి మట్టిమూకుడులో రెండంగుళముల మెత్తని మట్టి పరచి, మందు పట్టించని కొఱ్ఱలను ఒక రాత్రి నానబెట్టి చల్లి, పైన పలుచగా మట్టి కప్పి నీరు చిలుకరింపవలెను. విత్తనముల దుకాణములో కొనిన గింజకు బూజుమందు పట్టించియుందురు గనుక కిరాణా దుకాణపు పొట్టు తీయని గింజయే వాడవలెను. వెచ్చని దినములలో మూడవనాటికి మొలకలు పైకి వచ్చును, వారము దినములకు వ్రేలెడు పచ్చిక ఏర్పడును. మూకుడుతో సహా పంజరములో ఉంచినచో పిట్టలు ఆకును కొరుకును, మట్టిని కెలకి మిగిలిన గింజలను ఏరుకొనును. మట్టిపై బూజు కనుపించిన వెంటనే మూకుడును తీసి ఎండలో పెట్టి, క్రొత్త మట్టి పోసి మరల చల్లవలెను. రెండు మూకుడులు ఉన్నచో ఒకటి పంజరములో ఉండగా రెండవది మొలకెత్తుచుండును.